కాగితం మీద ఎవరి పేరుంది? అమెరికాలో వీలునామాలు, వారసత్వ తగాదాలపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల ఆస్తుల గురించినవే కనుక వాటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము. ముందుగా ఒక్క మాట. చాలా ఉత్తరాల్లో ‘అమెరికా చట్టం ఏం చెబుతోంది’ అని అడిగారు. వారసత్వం విషయంలో అమెరికా చట్టం అంటూ ఒకటి లేదు. పన్నులు, కొన్ని రకాల ఉద్యోగ ప్రయోజనాలు మినహా మిగిలినదంతా రాష్ట్రాల చేతిలో ఉంటుంది. పోయిన మనిషి ఏ రాష్ట్రంలో స్థిరనివాసం ఏర్పరచుకున్నాడు, ఇల్లూ స్థలమూ ఏ రాష్ట్రంలో ఉన్నాయి అన్నది తేలనిదే ఏ జవాబూ తేలదు. వీలునామా నిజమైనదేనని నిర్ధారించి, అప్పులు తీర్చి మిగిలింది పంచే అధికారాన్ని కోర్టు ఒకరికి అప్పగించే ప్రక్రియను ప్రొబేట్ అంటారు. ఆ పని చేసే కార్యాలయం పేరు కూడా రాష్ట్రానికో తీరుగా ఉంటుంది: న్యూయార్క్‌లో సరొగేట్స్ కోర్టు, పెన్సిల్వేనియాలో రిజిస్టర్ ఆఫ్ విల్స్, కాలిఫోర్నియాలో సుపీరియర్ కోర్టు.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లో ఉద్యోగం చేస్తూ నాలుగు నెలల క్రితం గుండెపోటుతో పోయాడు. వీలునామా రాయలేదు. కోడలు, ఆరేళ్ల మనవరాలు ఉన్నారు. పెళ్లయ్యాక కొన్న ఇల్లు, కంపెనీ వారి 401కె (పదవీ విరమణ పొదుపు) ఖాతా, ఆఫీసు ద్వారా వచ్చిన జీవిత బీమా ఉన్నాయి. 401కెలో నా పేరు, బీమాలో మావారి పేరు పెళ్లికి ముందు రాసినవి అలాగే ఉన్నాయట. తల్లికి భార్యాబిడ్డలతో సమానంగా వాటా ఉంటుందని ఇక్కడ మా వకీలు అంటున్నారు. నిజమేనా? (ఒక తల్లి, విజయవాడ)

జవాబు: అమ్మా, కొడుకును పోగొట్టుకున్న మీకు ఈ లెక్కలు చెప్పవలసి రావడం మాకూ కష్టంగానే ఉంది. మీ వకీలు చెప్పిన చట్టం సరైనదే, అది వర్తించే చోటు మాత్రం వేరు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా పోయిన కొడుకు ఆస్తిలో తల్లి, భార్య, పిల్లలు మొదటి తరగతి వారసులు, అందరికీ సమాన వాటా. (తండ్రి రెండో తరగతిలోకి వస్తాడన్నది చాలామందికి తెలియదు.) మీ అబ్బాయి పేరున ఆంధ్రలో స్థలమో పొలమో స్వార్జితంగా ఉంటే అందులో మీకు, కోడలికి, మనవరాలికి మూడింట ఒక్కొక్క వంతు వస్తుంది. కానీ టెక్సస్‌లోని ఇంటికి ఆ చట్టంతో సంబంధం లేదు.

టెక్సస్‌లో భార్యాభర్తలు కాపురం చేస్తున్న కాలంలో సంపాదించినది, ఎవరి జీతంతో కొన్నా, ఇద్దరి ఉమ్మడి ఆస్తి అవుతుంది. వీలునామా లేకుండా ఒకరు పోయినప్పుడు, పిల్లలందరూ ఆ ఇద్దరికీ పుట్టినవారే అయితే ఆ ఉమ్మడి ఆస్తి మొత్తం బతికి ఉన్నవారికే చెందుతుంది. కనుక ఇల్లు మీ కోడలిదే. పెళ్లికి ముందు సంపాదించినవి, కానుకగానో వారసత్వంగానో వచ్చినవి సొంత ఆస్తి కింద లెక్క. అందులో డబ్బు, షేర్లు, కారు వంటి వాటిలో మూడో వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు బిడ్డకు పోతాయి. బిడ్డ ఉన్నంత వరకు తల్లిదండ్రులకు అక్కడ వాటా రాదు. పిల్లలు లేకపోతే కథ మారుతుంది. అప్పుడు సొంత స్థిరాస్తిలో సగం తల్లిదండ్రులకు వస్తుంది.

ఇక 401కె విషయం. అది 1974 నాటి ఎరిసా అనే సమాఖ్య చట్టం కిందికి వస్తుంది. పెళ్లయిన ఉద్యోగి పోతే ఆ ఖాతా భార్యకే చెందాలని, వేరొకరికి ఇవ్వాలంటే భార్య నోటరీ ఎదుటో ప్లాన్ ప్రతినిధి ఎదుటో రాతపూర్వకంగా ఒప్పుకొని ఉండాలని ఆ చట్టం చెబుతుంది. పెళ్లికి ముందు రాసిన మీ పేరు ఆ ఫారంలో ఇంకా ఉన్నా, కోడలు అలా సంతకం చేయలేదు కనుక, అది చెల్లదు.

బీమా సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. ఆఫీసు ద్వారా వచ్చే జీవిత బీమాకు భార్య సమ్మతి అనే నియమం లేదు. ఫారంలో ఎవరి పేరుంటే సంస్థ వారికే చెక్కు పంపుతుంది. ఈ కాగితం బలం ఎంతటిదో తెలియడానికి 2001లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఎగెల్‌హాఫ్ కేసు చూడండి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక బోయింగ్ ఉద్యోగి 1994లో విడాకులు తీసుకున్నాడు. బీమా, పెన్షన్ ఫారాల్లో రెండో భార్య పేరు మార్చకుండానే రెండు నెలలు దాటిన కొన్నాళ్లకే కారు ప్రమాదానికి గురై చనిపోయాడు. విడాకులతో ఆ పేరు దానంతటదే రద్దవుతుందని రాష్ట్ర చట్టం చెబుతున్నా, సమాఖ్య చట్టం ముందు అది నిలవదని కోర్టు తేల్చింది. మొదటి భార్య పిల్లలకు రావాలనుకున్న డబ్బు విడాకులు పొందిన రెండో భార్యకు వెళ్లింది.

కాబట్టి బీమా సొమ్ము మీవారికి వస్తుంది. ఆయన తీసుకోవచ్చు, తీసుకొని మనవరాలి పేర వేయవచ్చు, లేదా తనకు వద్దని రాతపూర్వకంగా వదులుకోవచ్చు. పన్ను దృష్ట్యా ఆ వదులుకోవడం మరణించిన 9 నెలల లోపు, సొమ్ము ముట్టకముందే జరగాలి. వదులుకుంటే అది తర్వాత ఎవరికి పోతుందో పాలసీ నిబంధనలే చెబుతాయి కనుక ముందు వాటిని చదివించుకోండి. ఒక సలహా అడగకుండానే చెబుతున్నాము: కోడలితో మాట్లాడకముందే వకీలు నోటీసు పంపకండి.

ప్రశ్న: మా నాన్నగారు న్యూజెర్సీలో ఉండగా తెల్లకాగితం మీద తన చేత్తోనే వీలునామా రాసి సంతకం చేశారు. సాక్షులు లేరు. అక్కడ అది చెల్లుతుందని అప్పట్లో ఎవరో చెప్పారు. ఇప్పుడు అమ్మా నాన్నా ఫ్లోరిడాకు మారి, అక్కడ నాన్న పేరు మీదే ఇల్లు కొన్నారు. ఆ వీలునామాలో ‘నా ఇల్లు నా కొడుకుకు’ అని ఉంది. దాన్ని నోటరీ చేయిస్తే సరిపోతుందా? (ఒక పాఠకుడు, టాంపా)

జవాబు: సరిపోదు. సమస్య ఒకటి కాదు, రెండు ఉన్నాయి.

న్యూజెర్సీలో స్వదస్తూరితో రాసి సంతకం చేసిన వీలునామా సాక్షులు లేకపోయినా చెల్లుతుందన్నది నిజమే. టెక్సస్, కాలిఫోర్నియా కూడా దాన్ని ఒప్పుకుంటాయి. ఫ్లోరిడా ఒప్పుకోదు. మామూలుగా వేరే రాష్ట్రంలో అక్కడి చట్టం ప్రకారం రాసిన వీలునామాను ఫ్లోరిడా గౌరవిస్తుంది గానీ, సాక్షులు లేని చేతిరాత వీలునామాను మాత్రం ఆ గౌరవం నుంచి పేరు పెట్టి మరీ మినహాయించింది. అంటే ఏ కాగితం న్యూజెర్సీలో వీలునామాగా నిలిచేదో, ఇల్లు మారిన పాపానికి అదే కాగితం ఇక్కడ చిత్తుకాగితం అయింది. నోటరీ ముద్ర గురించి మనవాళ్లకు ఉన్న నమ్మకం ఇక్కడ పనిచేయదు. సంతకం పెట్టింది ఎవరో ధ్రువీకరించడమే నోటరీ పని, సాక్షులు లేని లోటును ఆ ముద్ర తీర్చదు. ఫ్లోరిడాలో వీలునామా చివర రాసిన వ్యక్తి ఇద్దరు సాక్షుల సమక్షంలో సంతకం చేయాలి, ఆ ఇద్దరూ ఆయన ఎదుట, ఒకరి ఎదుట ఒకరు సంతకాలు చేయాలి. అదే సమయంలో నోటరీ ఎదుట ముగ్గురూ ప్రమాణపత్రం మీద కూడా సంతకం పెడితే, రేపు ప్రొబేట్ వేళ ఆ సాక్షులను వెతుక్కుంటూ తిరగనవసరం లేదు. ఆస్తి అందుకోబోయే మీరు మాత్రం సాక్షిగా ఉండకండి. ఫ్లోరిడాలో దానివల్ల వీలునామా చెల్లకుండా పోదు గానీ, కొన్ని రాష్ట్రాల్లో సాక్షికి రాసిన వాటాకే ఎసరు వస్తుంది.

రెండో సమస్య ఇంతకంటే పెద్దది. ఫ్లోరిడాలో భార్య బతికి ఉండగా కాపురం ఉంటున్న ఇంటిని వీలునామా ద్వారా కొడుక్కి రాసే వీలు లేదు. అలా రాసినా ఆ మాట నిలవదు. భార్యకు ఆమె జీవితకాలం అనుభవించే హక్కు, తర్వాత పిల్లలకు పూర్తి హక్కు వస్తాయి. లేదంటే భర్త పోయిన 6 నెలల లోపు ఆమె కోరుకుంటే సగం ఇల్లు నేరుగా ఆమెది అవుతుంది. మీ అమ్మగారి పేరు కూడా డీడ్‌లో (ఇంటి యాజమాన్య పత్రంలో) భార్యాభర్తలుగా చేర్చితే, వీలునామాతో నిమిత్తం లేకుండానే ఇల్లు ఆమెకు చెందుతుంది. మీ ఉత్తరంలో అమ్మగారు ఏమనుకుంటున్నారో ఒక్క ముక్క కూడా లేదు. ముందు ఆమెను అడగండి.

ప్రశ్న: కాలిఫోర్నియాలో మా నాన్నగారు మార్చిలో పోయారు. అమ్మ అంతకు ముందే పోయింది. 2015లో రాసిన వీలునామాలో తమ్ముడికీ నాకూ సమానంగా రాశారు. ఆయనకు డిమెన్షియా అని తేలిన ఏడాదికి, పోవడానికి ఆరు నెలల ముందు, మరో వీలునామా రాశారట. అందులో నాకు 10,000 డాలర్లు, మిగిలినదంతా ఆయనతో ఉంటున్న తమ్ముడికి. సవాలు చేస్తే ఆ 10,000 కూడా పోతాయని అందులోనే ఉంది. నేనేం చేయగలను? (ఒక పాఠకురాలు, శాన్ హోసె)

జవాబు: ముందు క్యాలెండర్ చూసుకోండి. కాలిఫోర్నియాలో వీలునామాను కోర్టు ఆమోదించకముందే అభ్యంతరం చెప్పవచ్చు. ఆమోదించిన తర్వాతైతే 120 రోజులే గడువు. ఆస్తి ట్రస్టులో (ఒకరి మేలు కోసం ఆస్తిని మరొకరి చేతిలో పెట్టే ఏర్పాటులో) ఉంటే, దాన్ని చూసుకునే ట్రస్టీ నుంచి మీకు చట్టప్రకారం వచ్చే నోటీసు తేదీ నుంచి ఇంకో 120 రోజుల లెక్క మొదలవుతుంది. తపాలాలో వచ్చిన కవర్లు విప్పకుండా పక్కన పెట్టి ఉంటే ఈ రోజే విప్పండి. ఈ గడువు రాష్ట్రాన్ని బట్టి ఎంతగా మారుతుందంటే, టెక్సస్‌లో ఇదే తగాదాకు రెండేళ్లు ఉంటుంది, న్యూజెర్సీలో రాష్ట్రంలో ఉండేవారికి 4 నెలలు, బయటివారికి 6 నెలలు.

ఇక కారణాలు. మొదటిది, రాసే నాటికి ఆయన మనఃస్థితి. డిమెన్షియా అన్న డాక్టరు చీటీ ఒక్కటే వీలునామాను కొట్టేయడానికి చాలదు. తాను వీలునామా రాస్తున్నానని, తనకున్న ఆస్తి ఏమిటని, తన పిల్లలు ఎవరని ఆయనకు ఆ సంతకం చేసిన రోజున తెలిసి ఉంటే చాలు, చట్టం సరే అంటుంది. మతిమరుపు ఉన్నవాళ్లకూ తేటగా ఉండే రోజులు ఉంటాయి. అందుకే సంతకం తేదీకి అటూ ఇటూ ఒకటి రెండు వారాల ఆస్పత్రి రికార్డులు, నర్సులు రాసిన రోజువారీ నోట్లు, ఆ రోజుల్లో ఆయన మాట్లాడిన ఫోన్లు ముఖ్యం.

మీ కేసులో బలం ఉంటే అది రెండో కారణంలో, అంటే అనుచిత ప్రభావంలో ఉండవచ్చు. కొడుకు దగ్గర ఉండి చూసుకున్నాడు కాబట్టి తండ్రి అతనికే ఎక్కువ రాశాడు అన్నది తప్పు కాదు, అది చాలా ఇళ్లలో న్యాయం కూడా. తండ్రి మాట పోయి కొడుకు మాటే కాగితం ఎక్కిందా అన్నదే కోర్టు చూసేది. ఆ వకీలును ఎవరు వెతికారు, ఫీజు ఏ ఖాతా నుంచి వెళ్లింది, ఆ రోజు కారులో ఎవరు తీసుకెళ్లారు, లోపల మాట్లాడుతున్నప్పుడు తమ్ముడు గదిలో కూర్చున్నాడా, బయట ఉన్నాడా, మీ ఫోన్లు నాన్నకు ఇవ్వకుండా చేశారా, మందులూ డబ్బూ ఎవరి చేతిలో ఉండేవి. ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి గానీ కేసు వీటి మీదే నడుస్తుంది. తండ్రి బతికి ఉన్నంతకాలం ఆ వకీలు నోరు విప్పడు. ఆయన పోయాక వారసుల మధ్య వచ్చిన ఈ రకం తగాదాలో ఆ గోప్యత మీకు చాలావరకు అడ్డురాదు, కనుక వకీలు ఫైలు, అందులో చేత్తో రాసుకున్న నోట్లు తెప్పించమని కోర్టును అడగవచ్చు.

సవాలు చేస్తే ఏమీ రాదన్న వాక్యం చూసి బెదరకండి, నిర్లక్ష్యమూ చేయకండి. ఫ్లోరిడాలో అలాంటి వాక్యానికి విలువే లేదు. కాలిఫోర్నియాలో తగిన ఆధారం లేకుండా సవాలు చేసినప్పుడే అది అమలవుతుంది. మీరు పోగొట్టుకునేది 10,000 డాలర్లు, గెలిస్తే 2015 వీలునామా ప్రకారం సగం. ఇంటి విలువను బట్టి ఆ లెక్క మీరే వేసుకోవచ్చు. అయితే విచారణ దాకా వెళ్లే కేసులో ఇరుపక్షాల ఖర్చూ ఆ ఇంట్లోంచే కరిగిపోతుంది. ఆధారాలు చేతికి వచ్చాక, విచారణకు ముందు, మధ్యవర్తి దగ్గర కూర్చోవడం మేలు. ఆధారాలు లేకుండా వెళ్తే మీ తమ్ముడు వినడు.

ప్రశ్న: మాకు కాలిఫోర్నియాలో ఇల్లు ఉంది. ప్రొబేట్ తప్పించుకోవడానికి లివింగ్ ట్రస్టు (బతికి ఉండగానే ఏర్పాటు చేసుకునే ట్రస్టు) రాయించాం. తోలు అట్టతో పెద్ద ఫైలు ఇచ్చారు. ఇక చేయాల్సింది ఏమైనా ఉందా? (దంపతులు, ఫ్రీమాంట్)

జవాబు: ఇంటి డీడ్ తీసి చూడండి. యజమానులుగా ఇంకా మీ ఇద్దరి పేర్లే ఉంటే, మీ ట్రస్టు ఒక ఖాళీ పెట్టె. ఇల్లు ట్రస్టీల పేరుకు మారుస్తూ కొత్త డీడ్ రాసి కౌంటీ రికార్డర్ దగ్గర నమోదు చేయించాలి. తోలు అట్ట ఎంత బాగున్నా ఆ పని చేయదు. ఫైలు చివర ఉండే ఆస్తుల జాబితాలో ఆ ఇల్లు రాసి ఉంటే, 1993 నాటి హెగ్‌స్టాడ్ తీర్పు ఆధారంగా అది ట్రస్టుదేనని తర్వాత పిల్లలు కోర్టును అడగవచ్చు గానీ, అదొక అదనపు ప్రయాస.

ప్రొబేట్‌ను ఎందుకు తప్పించుకోవాలో ఒకసారి లెక్క వేసి చూపిస్తాము. కాలిఫోర్నియాలో వకీలు ఫీజును చట్టమే నిర్ణయించింది: మొదటి లక్ష డాలర్లపై 4 శాతం, తర్వాతి లక్షపై 3 శాతం, ఆపై 8 లక్షలపై 2 శాతం. 10 లక్షల డాలర్ల ఇంటికి 4,000, 3,000, 16,000 కలిపి 23,000 డాలర్లు. వీలునామాను అమలు చేసే ఎగ్జిక్యూటర్ కూడా అంతే మొత్తం అడగవచ్చు. ఇంటి మీద 7 లక్షల అప్పు ఉన్నా లెక్క 10 లక్షల మీదే, చేతికి మిగిలే 3 లక్షల మీద కాదు. 2025 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ పోయినవారి విషయంలో 7,50,000 డాలర్ల లోపు సొంత ఇంటికి తేలికైన దారి ఒకటి వచ్చింది గానీ, మీ ఊళ్లో ఆ ధరకు ఇల్లు దొరకడం అరుదు. ఇదంతా చూసి టెక్సస్ బంధువులు కూడా ట్రస్టు కోసం పరుగెత్తనవసరం లేదు. అక్కడ వీలునామా సరిగ్గా ఉంటే కోర్టు జోక్యం పెద్దగా లేకుండానే ఎగ్జిక్యూటర్ పని ముగించగలడు. మరణించిన నాలుగేళ్ల లోపు దాఖలు చేయడం మాత్రం మరవకూడదు.

ప్రశ్న: మనం పోయాక ఆస్తిలో సగం ప్రభుత్వం పన్నుగా తీసుకుంటుందట కదా? (ఒక పాఠకుడు, ఫిలడెల్ఫియా)

జవాబు: సమాఖ్య పన్ను 2026లో 1.5 కోట్ల డాలర్లు దాటిన ఆస్తికే. మనలో చాలామందికి ఆ బెంగ అక్కరలేదు. రెండు మినహాయింపులు గుర్తుంచుకోండి. అమెరికా పౌరసత్వం లేని భార్యకో భర్తకో వచ్చే ఆస్తికి మామూలు దంపతుల మినహాయింపు వర్తించదు, దానికి ప్రత్యేకమైన ట్రస్టు కావాలి. అమెరికాలో స్థిరనివాసమూ పౌరసత్వమూ లేనివారి పేరున ఇక్కడి కంపెనీల షేర్లు, స్థలాలు ఉంటే మినహాయింపు 60,000 డాలర్లే. ఇండియాలో ఉన్న నాన్న పేరు మీద ఇక్కడి షేర్లు కొనేవారు ఇది తెలుసుకోవాలి. మీ పెన్సిల్వేనియా రాష్ట్రం వేరుగా వారసత్వ పన్ను వేస్తుంది: భార్యకు సున్నా, పిల్లలకు 4.5 శాతం, తోబుట్టువులకు 12 శాతం.

ప్రశ్న: న్యూజెర్సీలో మా వీలునామాలో గుంటూరు జిల్లాలోని పొలం కూడా రాయవచ్చా? (ఒక పాఠకుడు, ఎడిసన్)

జవాబు: రాయవచ్చు గానీ, న్యూజెర్సీ కోర్టు ఉత్తర్వు చూపించి తహసీల్దారు కార్యాలయంలో పాస్‌బుక్ మార్పించుకోలేరు. ఇండియాలోని స్థిరాస్తికి ఇండియా చట్టమే వర్తిస్తుంది. ఇక్కడ ప్రొబేట్ అయిన వీలునామా ధ్రువీకృత ప్రతితో అక్కడి కోర్టుకు మళ్లీ వెళ్లాలి. అంతకన్నా పొలం కోసం తెలుగులో వేరే వీలునామా రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం చేయించి, వీలైతే సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ తగాదా వస్తే పనికొస్తుంది.

రెండు వీలునామాలు రాసేవారు ఎక్కువగా పొరపాటు పడే చోటు ఒకటుంది. దాదాపు ప్రతి వీలునామా మొదటి పేరాలోనూ ‘ఇంతకు ముందు రాసిన వీలునామాలన్నీ రద్దు’ అనే వాక్యం అచ్చుగుద్దినట్టు ఉంటుంది. గుంటూరులో డాక్యుమెంట్ రైటర్ ఆ వాక్యం అలవాటుగా రాసి మీరు చూసుకోకుండా సంతకం చేస్తే, ఎడిసన్ ఇంటి వీలునామా ఆ పూటతో రద్దయిందని రేపు ఎవరైనా వాదించవచ్చు. ‘ఇండియాలోని ఆస్తులకు సంబంధించి ఇంతకు ముందు రాసినవి మాత్రమే రద్దు’ అని అక్కడ, ‘అమెరికాలోని ఆస్తులకు సంబంధించి’ అని ఇక్కడ స్పష్టంగా రాయించండి.